1865 స్టాంపు, 1840ల ముఖం: ఒక కార్ట్ డి విజిట్ కేస్ స్టడీ

వస్తువు: అమెరికాలోని ఒక స్టూడియోలో చేసిన కార్ట్ డి విజిట్ (విజిటింగ్ కార్డు సైజు అట్టకు అంటించిన ఫోటో, ఇకపై సీడీవీ). అట్ట కొలత 61 × 101 మి.మీ., మందం 0.4 మి.మీ. మూలలు గుండ్రంగా కత్తిరించినవి కావు, నాలుగూ సూటిగానే ఉన్నాయి. ముందు వైపు కోడిగుడ్డు ఆకారపు చట్రంలో ఒక యువతి ఒడి వరకు కనిపిస్తుంది. ఒక చేయి ఒడిలో, రెండోది బల్ల మీద. వెనక స్టూడియో పేరు, వీధి, ఊరు. వాటి కింద పాత చిత్రాలకు కాపీలు తీసిస్తామని ఒక లైను. ఇంకా కింద మూడు సెంట్ల ఆకుపచ్చ రెవెన్యూ స్టాంపు, దాని మీద ఇంకుతో స్టూడియో పొడి అక్షరాలు, 1865 అక్టోబరు 4 తేదీ. పక్కన పెన్సిల్‌తో, వేరే చేతిరాతలో: "అమ్మ, పెళ్లినాడు, 1866".

అమ్మకానికి పెట్టినప్పుడు దీనికి ఇచ్చిన వివరణ రెండు ముక్కలు. ఒకటి, 1865–66 నాటి పెళ్లికూతురు. రెండు, కళ్లు తెల్లబారి ఉన్నాయి కాబట్టి బహుశా చనిపోయాక తీసిన ఫోటో. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవన్నది అలా ఉంచితే, విడివిడిగా కూడా రెండూ తప్పే.

స్టాంపు, అట్ట, పెన్సిల్ రాత మూడూ ఇంచుమించు ఒకే కాలం చెబుతున్నాయి. చాలామంది ఇక్కడితో తేదీ తేలిపోయిందని పక్కన పెట్టేస్తారు. కానీ ఆ మూడూ కార్డు గురించి చెప్పేవే. కెమెరా ముందు కూర్చున్న మనిషి గురించి వాటిలో ఏదీ నేరుగా చెప్పదు. కార్డు అమ్మిన రోజు ఒకటి, నెగెటివ్ తీసిన రోజు ఒకటి, మనిషి కూర్చున్న రోజు ఒకటి. మామూలు సీడీవీలో ఈ మూడూ కొద్ది వారాల తేడాలో ఉంటాయి కాబట్టి ఒకటిగా చూసే అలవాటు పడిపోతుంది. ఈ కార్డులో వాటి మధ్య దాదాపు ఇరవై ఏళ్ల ఎడం ఉంది.

అట్ట, స్టాంపు

సీడీవీ పద్ధతికి పారిస్‌లో డిస్దెరి అనే ఫోటోగ్రాఫర్ 1854లో పేటెంట్ తీసుకున్నాడు. ఒకే ప్లేటు మీద ఎనిమిది చిన్న చిత్రాలు తీసి, ఒకేసారి అచ్చువేసి, ముక్కలు కోసి, విజిటింగ్ కార్డు సైజు అట్టలకు అంటించడం అందులోని కిటుకు. 1859–60కి అది ఊపందుకుంది. 1860ల మొదటి సగంలో అట్టలు పల్చగా, సూటి మూలలతో ఉంటాయి. గుండ్రని మూలలు 1870ల తొలి ఏళ్ల నుంచి ఎక్కువవుతాయి. 1880లకు వచ్చేసరికి అట్ట మందమెక్కి, ఏటవాలుగా కోసిన అంచులకు బంగారు పూత వస్తుంది. మందాన్ని వేలితో తడిమి అంచనా కట్టకుండా డిజిటల్ కాలిపర్‌తో మూడు చోట్ల కొలిచి సగటు తీసుకోవాలి. మూలలు నలిగిన చోట అట్ట పొరలు విడిపోయి ఉబ్బుతాయి, అక్కడ కొలిస్తే మందం ఎక్కువ చూపిస్తుంది.

ఒక హెచ్చరిక. ఆల్బమ్ అరలోకి సులువుగా దూరాలని చాలామంది ఇళ్లలోనే కత్తెరతో మూలలు కోసేవారు. గుండ్రని మూల కనిపించగానే 1870లు అనేయకుండా నాలుగు మూలల వంపూ ఒకే కొలతలో ఉందా అని చూడాలి. మరతో కోసినవి నాలుగూ ఒకేలా ఉంటాయి.

స్టాంపు సంగతికి వస్తే, అంతర్యుద్ధం ఖర్చుల కోసం అమెరికా ప్రభుత్వం 1864 సెప్టెంబరు 1 నుంచి 1866 ఆగస్టు 1 వరకు ఫోటోల అమ్మకం మీద పన్ను వేసింది. 25 సెంట్ల వరకు ధర ఉంటే రెండు సెంట్ల స్టాంపు, 26 నుంచి 50 వరకు మూడు సెంట్లు, అక్కడి నుంచి డాలరు వరకు ఐదు. 1865 మార్చిలో పది సెంట్లు, అంతకు తక్కువ ధర ఉన్న వాటికి ఒక సెంటు రేటు కూడా వచ్చింది. స్టాంపు మీద అమ్మినవాడు పొడి అక్షరాలు, తేదీ రాసి రద్దు చేయాలని నిబంధన. చాలామంది ఒక్క గీత గీసి వదిలేశారు కాబట్టి, ఇలా పూర్తి తేదీ రాసిన కార్డు దొరికితే భద్రంగా చూసుకోవాలి.

అయితే స్టాంపును నమ్మే ముందు అది ఆ కార్డుదేనని తేల్చుకోవాలి. విలువ పెరుగుతుందని తరవాత అంటించినవి తిరుగుతూనే ఉన్నాయి. ఈ కార్డులో మూడు విషయాలు చూశాం. ఇంకు గీత స్టాంపు అంచు దాటి అట్ట మీదికి వచ్చింది, అంచు దగ్గర ఎక్కడా తెగలేదు. స్టాంపు మీదా అట్ట మీదా ఇంకు ఒకే తీరున గోధుమ రంగుకు తిరిగింది. పొడి అక్షరాలు కింద అచ్చయిన స్టూడియో పేరుతో సరిపోయాయి. ఈ మూడూ కుదిరితే స్టాంపు అసలుదని రాసుకోవచ్చు. గీత స్టాంపు లోపలే ఆగిపోయి ఉంటే ఆ ధీమా ఉండదు.

ఆ ఊరి వార్షిక డైరెక్టరీల్లో ఈ స్టూడియో ఇదే చిరునామాలో 1863 నుంచి 1868 వరకు ఉంది. డైరెక్టరీ మీద ఏ సంవత్సరం ఉన్నా సమాచారం అంతకు కొన్ని నెలల ముందు సేకరించినది. కాబట్టి రెండు చివర్లా ఏడాది పట్టువిడుపు ఉంచుకోవాలి.

ఇంతవరకు తేలింది ఒకటే: 1865 అక్టోబరు 4న ఈ కార్డు అమ్ముడైంది. 1862లో తీసిన నెగెటివ్ నుంచి 1865లో మరో ప్రతి వేయించుకున్నా దాని మీద ఇదే స్టాంపు పడుతుంది.

ప్రింటు

పదిరెట్లు పెద్దది చేసే లూప్ కింద కాగితపు పోగులు కనబడుతున్నాయి. పైపొరలో సన్నని పగుళ్ల వల ఉంది. నీడలు ఊదా కలిసిన గోధుమ రంగులో, వెలుతురు భాగాలు పసుపుగా ఉన్నాయి. ఇది ఆల్బుమెన్ ప్రింటు: గుడ్డు తెల్లసొన పూసిన పల్చటి కాగితాన్ని వెండి లవణంతో సిద్ధం చేసి, నెగెటివ్‌కు ఆనించి ఎండలో అచ్చువేసి, బంగారు ద్రావణంలో టోనింగ్ చేసినది. బ్లాంకార్–ఎవ్రార్ 1850లో ప్రవేశపెట్టిన ఈ పద్ధతి 1890ల దాకా చలామణిలో ఉంది. జెలటిన్ ప్రింటయితే కింద బెరైటా అనే తెల్లటి పూత పొర ఉండటంతో పోగులు కనిపించవు. చుక్కలు వరసగా కనిపిస్తే అది ఫోటోయే కాదు, ముద్రణ యంత్రం మీద వేసిన బొమ్మ. 365 నానోమీటర్ల యూవీ లైటు కింద అట్ట నీలితెలుపుగా మెరవలేదు. అలా మెరిసుంటే కాగితంలో తెల్లదనం కోసం కలిపే ఆధునిక రసాయనాలు ఉన్నట్టు, అంటే 1950 తరవాతి నకలు. ఈ పరీక్షలో కార్డు నిలిచింది.

చిత్రంలో ఏం తేడాగా ఉంది

కేసు మలుపు తిరిగింది ఇక్కడే, అదీ లూప్ కిందే.

1860ల సీడీవీలో గాజు నెగెటివ్ నుంచి కాగితానికి నేరుగా ఆనించి అచ్చువేస్తారు కాబట్టి వివరం ఆశ్చర్యపరిచేంత ఉంటుంది. లేసు కాలర్ అల్లిక, గొలుసులో ఒక్కో లంకె, కంటి రెప్పల వెంట్రుకలు విడివిడిగా లెక్కపెట్టవచ్చు. ఈ కార్డులో లేసు కాలర్ ఒక తెల్లటి ముద్ద. దాని అంచు తెలుస్తుంది, అల్లిక తెలియదు. పోనీ ఆమె కదిలిందా అంటే, కదిలితే మసక ఒక దిక్కుగా సాగాలి, కదలని బల్ల అంచు పదునుగా ఉండాలి. ఇక్కడ బల్ల అంచు, ముఖం, కాలర్ అన్నీ ఒకే మోతాదులో మెత్తబడి ఉన్నాయి. ఇది మొదటి అనుమానం.

రెండోది గీతలు. ఆమె భుజం పక్కన ఖాళీ జాగాలో, వంపు తిరిగిన సన్నని సమాంతర గీతల గుంపు ఒకటి ఉంది. ఏ గీతైనా మూడు చోట్లలో ఒకచోట పుట్టి ఉండాలి: ప్రింటు మీద, నెగెటివ్ మీద, లేదా కెమెరా ముందున్న వస్తువు మీద. ప్రింటు మీదదైతే, టార్చిని దాదాపు అట్టకు సమాంతరంగా పడుకోబెట్టి వెలిగించినప్పుడు గాడి నీడ కనిపిస్తుంది. ఇక్కడ పైపొర నున్నగా ఉంది. నెగెటివ్ మీదదైతే, మందు పొర గీరుకుపోయిన చోటు నుంచి వెలుతురు దూసుకొచ్చి నల్లటి, కత్తి అంచులాంటి గీత పడుతుంది, ఎందుకంటే ఆ పొర కాగితానికి ఆనుకునే ఉంటుంది. ఈ గీతలు అలా లేవు. కాలర్ ఎంత మెత్తగా ఉందో ఇవీ అంతే మెత్తగా ఉన్నాయి. అంటే కాలర్‌తో పాటు ఇవీ లెన్స్ గుండానే వచ్చాయి. కెమెరా ముందున్నది మనిషి కాదు, గీతలు పడిన మరో చిత్రం. గుడ్డతో గుండ్రంగా తుడిస్తే ఇలాంటి వంపు గీతలు పడే చిత్రం డాగెరోటైప్. వెండి పూసిన రాగి రేకు మీది ఆ బొమ్మ ఎంత సున్నితమంటే మెత్తటి గుడ్డ తగిలినా మచ్చ శాశ్వతం.

మూడోది ఎడమ అంచున సన్నని నల్లటి వంపు. కోడిగుడ్డు చట్రం లోపల, ఒక పక్క మాత్రమే ఉంది. డాగెరోటైప్ మీద ఇత్తడి మ్యాట్ (బొమ్మ చుట్టూ పెట్టే రేకు చట్రం) అంచు వెంట గాలి తగిలి వెండి కమిలి వలయంలా ఏర్పడుతుంది. కాపీ తీసినవాడు ఆ వలయం కనబడకుండా కాస్త చిన్న చట్రం వాడాడు గానీ, అది మధ్యలో కూర్చోలేదు. ఎడమ పక్క వలయం ముక్క మిగిలిపోయింది. కంటికి గోధుమగా, లేతగా ఉండే ఆ కమురు ఇక్కడ కటిక నల్లగా పడటానికి కారణం కొలోడియన్, అంటే నెగెటివ్ గాజు మీద పూసే మందు. నాటి తడి కొలోడియన్ ప్లేటుకు నీలం, ఊదా, అతినీలలోహిత కాంతి మాత్రమే కనబడుతుంది. పసుపు, గోధుమ, ఎరుపు దానికి చీకటితో సమానం.

అదే సూత్రం ఇంకో రెండు వింతలను కూడా విప్పింది. ఆమె బుగ్గల మీద రెండు మసక నీడలు, వేలి ఉంగరం ఉండాల్సిన చోట నల్లటి చుక్క. డాగెరోటైపుల మీద బుగ్గలకు గులాబీ పొడి, నగలకు బంగారు రంగు చేత్తో అద్దేవారు. కంటికి అందంగా కనిపించే ఆ గులాబీ, బంగారం రెండూ కొలోడియన్ కాపీలో నల్లబడతాయి. దీన్ని జబ్బు మచ్చలనీ, దెబ్బలనీ పొరబడి రాసిన వివరణలు తరచూ కనిపిస్తాయి.

తెల్లబారిన కళ్ల లెక్క కూడా ఇంతే. డాగెరోటైప్, కొలోడియన్ రెండూ నీలానికి స్పందించేవే కాబట్టి లేత నీలి కళ్లు దాదాపు తెల్లగా పడతాయి, బంగారు రంగు జుట్టు ముదురుగా పడుతుంది. అది చావుకు గుర్తు కాదు. ఈ సందర్భంలో ఇంకొక మాట చెప్పి తీరాలి. పాదాల వెనక ఇనుప స్టాండు అడుగు కనబడితే శవాన్ని నిలబెట్టడానికే పెట్టారనే ప్రచారం ఒకటుంది. ఆ స్టాండు కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్‌లో తల కదలకుండా ఆనించుకోవడానికి పెట్టేది. మనిషి బరువు మోసే సత్తా దానికి లేదు. స్టాండు కనబడిందంటే అక్కడ నిలబడ్డది బతికున్న మనిషని ధైర్యంగా చెప్పవచ్చు. చనిపోయినవారి ఫోటోలు తీసిన మాట నిజమే. వాటిలో ఎక్కువగా మనిషి పడుకునే ఉంటాడు.

బట్టలు

అసలు చిత్రం డాగెరోటైప్ అనగానే కాలపరిధి మారిపోతుంది. ఆ పద్ధతి 1839లో లోకానికి తెలిసింది, 1850ల చివరికి చాలా స్టూడియోలు వదిలేశాయి. దాన్ని ఇంకా కుదించేవి బట్టలు.

చూడాల్సిన వరస: రవిక చేతులు, నడుము, భుజం, జుట్టు. ఈమె రవిక చేతులు మణికట్టు దాకా బిగుతుగా ఉన్నాయి. భుజం కుట్టు సహజమైన భుజం దాటి కిందికి జారి ఉంది. రవిక మడతలు భుజాల నుంచి విసనకర్రలా దగ్గరపడుతూ నడుము కింద మొనదేలుతున్నాయి. జుట్టు నడిపాపిట తీసి చెవులు కప్పుతూ నున్నగా వెనక్కి లాగి ఉంది. ఇవన్నీ కలిసొచ్చేది 1840ల నడిమి నుంచి 1850 వరకు. 1850ల్లో చేతులు మణికట్టు వైపు గంటలా విచ్చుకుని లోపల తెల్లటి లోచేతులు కనబడాలి. 1865 పెళ్లికూతురయితే నడుము గుండ్రంగా, మొన లేకుండా ఉండాలి, చెవులు బయటికి కనబడాలి.

బట్టలతో తేదీ కట్టేటప్పుడు వయసు మరిచిపోకూడదు. పెద్దవయసు ఆడవాళ్లు పదిహేనేళ్ల కిందటి మోస్తరు బట్టలే కట్టుకుని ఉండొచ్చు. అందుకే గుంపు ఫోటోలో కుర్రదాని బట్టలనే ప్రమాణంగా తీసుకుంటారు. ఇక్కడున్నది ఇరవై, ఇరవై ఐదు ఏళ్ల యువతి ఒక్కతే. ఆ వయసు మనిషి 1865లో తల నుంచి నడుము దాకా 1847 మోస్తరులో స్టూడియోకి వచ్చిందనుకోవడానికి ఆధారం ఏమీ లేదు.

ఉంగరం ఒక చిన్న సాక్ష్యం. ప్రిజమ్ గానీ అద్దం గానీ పెట్టి తీయకపోతే డాగెరోటైప్ కుడిఎడమలు తారుమారై వస్తుంది, దానికి తీసిన కాపీలోనూ ఆ తారుమారు అలాగే ఉంటుంది. ఇక్కడ ఉంగరం కుడిచేతికి ఉన్నట్టు కనబడుతోంది. తిప్పి చూస్తే ఎడమచేతి ఉంగరపు వేలు. దీన్ని తోడు సాక్ష్యంగానే రాశాం. కుడిచేతికి పెళ్లి ఉంగరం పెట్టుకునే సమాజాలూ ఉన్నాయి. మగవాళ్ల చిత్రమైతే కోటు బొత్తాలు ఏ పక్కన ఉన్నాయన్నది ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇస్తుంది.

పెన్సిల్ రాతను ఏం చేయాలి

రాత అబద్ధం కానక్కర లేదు. ఈ కార్డుకు సంబంధించినది కాకపోవచ్చు, లేదా మనిషి సరైనదై సందర్భం తప్పు కావచ్చు. 1847 ప్రాంతంలో ఇరవై దాటిన మనిషి 1866కి నలభైకి చేరువలో ఉంటుంది. 1866లో పెళ్లయిన స్త్రీ బిడ్డ ఈ రాత రాస్తే, చిత్రంలో ఉన్నది ఆ బిడ్డకు అమ్మ కాక అమ్మమ్మ అయ్యే అవకాశమే ఎక్కువ. కాపీ తీయించిన కాలం కూడా దీనికి అడ్డు రాదు. డాగెరోటైప్ ఒక్కటే ప్రతి. పోస్టులో పంపడం కష్టం, నలుగురు బిడ్డలకు పంచలేరు, ఆల్బమ్ అరలో పెట్టలేరు. 1860ల్లో ఇంటింటికీ సీడీవీ ఆల్బమ్ వచ్చాక ఆ పాత రేకులను తీసుకెళ్లి కార్డులుగా మార్పించుకోవడం స్టూడియోలకు రోజువారీ పని అయింది. ఈ కార్డు వెనక అచ్చయిన లైనే అందుకు సాక్ష్యం. ఒకరు తన తల్లి యవ్వనపు ముఖాన్ని తన ఆల్బమ్‌లోకి తెచ్చుకున్నారంటే ఆ కోరికకు 1865 అక్టోబరు 4 అని తేదీ కూడా దొరికింది. నాకు ఈ కార్డులో అన్నిటికంటే విలువైనది అదే. పెళ్లికూతురి కార్డు అనుకుని కొన్నదానికంటే ఇది చాలా పెద్ద సంపద.

రాత ఈ కార్డుది కాదేమో అన్న అవకాశాన్ని పరీక్షించడానికి ఆల్బమ్ చూడాలి. అదృష్టవశాత్తు ఈ కార్డు ఆల్బమ్‌తో సహా వచ్చింది. ఎదుటి పేజీలో 1860ల నడిమి బట్టల్లో, గుండ్రని నడుముతో ఇంకో యువతి ఉంది. ఆ కార్డు వెనక ఏ రాతా లేదు. ఎప్పుడో ఎవరో కార్డులు బయటికి తీసి చూస్తూ వెనక రాసుకుంటూ పోయి, ఒకదాని రాత మరోదాని మీద పడేసి ఉండొచ్చు. తేల్చిచెప్పే సాక్ష్యం లేదు కాబట్టి రెండు అవకాశాలూ నమోదు చేశాం. ఆల్బమ్ విప్పి కార్డులు విడివిడిగా అమ్మేస్తే ఈ ప్రశ్న పుట్టే వీలే ఉండదు. అందుకే ఆల్బమ్ కొంటే పేజీ నంబరు, అర, కార్డు ఏ వరసలో ఉన్నాయో అన్నీ ఫోటో తీశాకే ఏ కార్డైనా కదపాలి.

తీయడం, స్కాన్, నిల్వ

ఆల్బమ్ అర నుంచి తీసేటప్పుడు చాలా కార్డులు పాడవుతాయి. పాత అరల కాగితం పెళుసెక్కి ఉంటుంది, కింద నుంచి వేలితో నెడితే అర చిరుగుతుంది, అట్ట మూల విరుగుతుంది. సన్నని పాలిస్టర్ పట్టీని కార్డు వెనకగా లోపలికి జార్చి, పట్టీని కార్డుతో కలిపి కిందికి లాగాలి. ప్రతిఘటన వస్తే ఆపేయాలి. అరలోనే ఉంచి స్కాన్ చేసినా నష్టం లేదు.

స్కాన్ రెండు వైపులా, 1200 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు), 48 బిట్ కలర్, టిఫ్ ఫైలు. ఈ అట్ట కొలతకు సుమారు 2,880 × 4,770 పిక్సెళ్లు వస్తాయి. నలుపు–తెలుపులో స్కాన్ చేస్తే చేత్తో అద్దిన రంగు, పసుపు తిరిగిన తీరు, ఇంకు రంగు అన్నీ పోతాయి. స్కానర్‌లోని ఆటో షార్ప్, దుమ్ము తొలగింపు కట్టేయాలి. పైన చెప్పిన వంపు గీతలను దుమ్ము తొలగింపు సాఫ్ట్‌వేర్ చెరిపేసి ఉంటే ఈ కేసే లేదు.

ఆల్బుమెన్ ప్రింటును నీటితో గానీ, తడి గుడ్డతో గానీ తాకకూడదు. పగుళ్లు పెరుగుతాయి, ఆ మార్పు వెనక్కి రాదు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. పీవీసీ కవర్లు వద్దు. పూత లేని పాలిస్టర్ స్లీవ్, లేదా ఫోటోకు హాని చేయదని తేల్చే ఐఎస్ఓ 18916 పరీక్షలో నెగ్గిన కాగితపు కవరు వాడాలి. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంచాలి. గుర్తు సంఖ్య కవరు మీద రాయాలి. కార్డు మీదే రాయక తప్పకపోతే వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో, గట్టి బల్ల మీద పెట్టి, నొక్కకుండా.

నమోదు

చివరికి క్యాటలాగులో రాసింది ఇలా: "ఆల్బుమెన్ ప్రింటు, సీడీవీ అట్ట మీద. అమ్మకం: 1865 అక్టోబరు 4 (రద్దు చేసిన పన్ను స్టాంపు, ఖాయం). కాపీ నెగెటివ్: సుమారు 1863 నుంచి, 1865 అక్టోబరుకు ముందు (స్టూడియో చిరునామా, బలమైన అంచనా). అసలు చిత్రం: డాగెరోటైప్, సుమారు 1845–50 (గీతలు, మ్యాట్ వలయం, రంగుల తీరు, బట్టలు, బలమైన అంచనా). వ్యక్తి: తెలియదు. వెనక పెన్సిల్ రాత ఉన్నదున్నట్టు నమోదు, గుర్తింపుగా స్వీకరించలేదు."

ప్రతి తేదీ పక్కన దాని ఆధారం, నమ్మకం స్థాయి రాయడం ఎందుకంటే, రేపు ఇంకో సాక్ష్యం వస్తే ఏ ఒక్క లైను మార్చాలో వెంటనే తెలియాలి. ఈ కార్డు విషయంలో ఆ సాక్ష్యం రెండు రూపాల్లో రావచ్చు. ఒకటి, అసలు డాగెరోటైప్ బయటపడటం. భుజం పక్కన వంపు గీతలు, మ్యాట్ వలయం, బుగ్గల గులాబీ పొడి మూడూ సరిపోతే రెండూ ఒకటేనని తేలుతుంది. రెండు, ఇదే నెగెటివ్ నుంచి వేసిన ఇంకో సీడీవీ ఆ కుటుంబపు మరో శాఖ ఆల్బమ్‌లో పేరుతో సహా దొరకడం. ఒకసారి కాపీ నెగెటివ్ తయారయ్యాక ఒక్క ప్రతితో ఆపేవాళ్లు తక్కువ. అందుకే ఆ ఊరి స్టూడియో పేరుతో ఏ కార్డు కనబడినా ముందు చూడాల్సింది ఎడమ అంచున ఆ నల్లటి వంపు ఉందా లేదా అని.